ట్యాపెట్లలో ఆట ఎంత ఉండాలి? చప్పుడు చెప్పేది, చెప్పనిది

మా ఇంట్లో ఒక 100 సీసీ బండి ఉంది. నాన్న కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. రెండేళ్ల కిందట దాని ఇంజన్ హెడ్డులోంచి, అంటే సిలిండర్ పైభాగంలోంచి, టిక్ టిక్‌మని చప్పుడు మొదలైంది. వీధి చివర షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్ కాసేపు చెవి పెట్టి విని, "ట్యాపెట్లు కొడుతున్నాయన్నా" అన్నాడు. ఇంజన్ ఇంకా వేడిగా ఉండగానే రెండు మూతలు విప్పి, రెండు స్క్రూలూ కాస్త కాస్త బిగించాడు. ఐదు నిమిషాల పని. చప్పుడు పోయింది. బండి ఇంత మెత్తగా నడిచి ఎన్నాళ్లయిందో అనుకుంటూ ఇంటికొచ్చాను.

నెల తిరక్కుండానే పెట్రోలు బంకులో ఆపిన బండి మళ్లీ లేవలేదు. పొద్దున ఒక్క కిక్కుకు లేచేది, వేడెక్కాక ఆపితే మాత్రం పదిసార్లు కొట్టించేది. ప్లగ్గు మార్చాను, కార్బురేటర్ కడిగించాను. ఏం లాభం లేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున్నే నేనే మూతలు విప్పి సన్నని ఖాళీలు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర 0.04 మి.మీ. రేకు కూడా దూరలేదు. అక్కడ ఉండాల్సిన ఖాళీయే లేదు. నెల కిందట చప్పుడుతో పాటు పోయింది ఆ ఖాళీయే.

ట్యాపెట్ల గురించి నలుగురు కూర్చుంటే నాలుగు మాటలు వినిపిస్తాయి. చప్పుడొస్తే బిగించమంటారొకరు, చప్పుడు లేకపోతే ముట్టుకోవద్దంటారొకరు. గేజ్ లేకుండా చేస్తే తప్పంటారొకరు, ముప్ఫై ఏళ్ల చేతికి గేజ్ ఎందుకంటారు ఇంకొకరు. వీటిలో ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎంత ఉందో తెలియాలంటే హెడ్డు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ట్యాపెట్ అని మనం దేన్ని పిలుస్తున్నాం?

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో కనీసం రెండు వాల్వులుంటాయి. పెట్రోలు, గాలి లోపలికొచ్చేది ఇన్‌లెట్. కాలిన పొగ బయటికి పోయేది ఎగ్జాస్ట్. మెకానిక్ భాషలో కార్బురేటర్ వైపుది, సైలెన్సర్ వైపుది. రెంటినీ గట్టి స్ప్రింగులు పైకి లాగి మూసి ఉంచుతాయి. తెరవాల్సిన సమయానికి క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు వచ్చి రాకర్ ఆర్మ్ ఒక చివరను ఎత్తుతుంది. రాకర్ ఊయల బల్లలా రెండో చివర కిందికి దిగి వాల్వు కాడను నొక్కుతుంది.

ఆ రెండో చివరన ఒక చిన్న స్క్రూ, దాన్ని కదలకుండా పట్టుకునే లాక్ నట్టు ఉంటాయి. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు ఆ స్క్రూ కొనకూ వాల్వు కాడ తలకూ మధ్య వదిలే సన్నని ఖాళీయే వాల్వ్ క్లియరెన్స్. షెడ్డులో దీన్నే ట్యాపెట్ సెట్టింగ్ అంటారు. నిజానికి ట్యాపెట్ అంటే పాతకాలపు ఇంజన్లలో క్యామ్‌కూ, దాని కదలికను పైనున్న రాకర్‌కు చేరవేసే పొడవాటి కడ్డీకీ (పుష్‌రాడ్) మధ్య ఉండే ముక్క. ఇప్పటి చాలా బండ్లలో ఆ ముక్క లేదు, పేరు మాత్రం మిగిలింది. ఈ ఖాళీకి చక్రం బుష్షుల దగ్గర, హ్యాండిల్ దగ్గర వాడే మాటే అతుకుతుంది: ఆట. ట్యాపెట్‌లో ఆట ఎంత ఉందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఎంతంటే, మామూలు జెరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. చిన్న బండ్లలో ఈ ఆట చాలావరకు ఆ కాగితం మందానికి అటూఇటూ ఉంటుంది. కచ్చితమైన అంకె బండి బండికీ మారుతుంది, ఒకే బండిలో ఇన్‌లెట్‌కు ఒకటీ ఎగ్జాస్ట్‌కు ఒకటీ ఉండవచ్చు. అది బండితో ఇచ్చిన పుస్తకంలోనో, సర్వీస్ మాన్యువల్‌లోనో ఉంటుంది. ఈ వ్యాసంలో లెక్కలకు రెంటికీ 0.08 అనుకుందాం.

అసలు ఖాళీ ఎందుకు వదిలారు?

ఇనుము వేడెక్కితే పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో చిన్న లెక్క వేద్దాం. అంకెలు సులువు కోసం తీసుకున్నవి.

ఎగ్జాస్ట్ వాల్వు పొడవు 80 మి.మీ. అనుకోండి. మంట తగిలే కింది భాగం ఎర్రగా కాలుతుంది, పైన కాడ అంత వేడెక్కదు. సగటున 300 డిగ్రీలు పెరిగిందనుకుందాం. సాధారణ ఉక్కు ఒక్కో డిగ్రీకి, మీటరు పొడవున, 0.012 మి.మీ. చొప్పున సాగుతుంది. అంటే మన వాల్వు దాదాపు 0.29 మి.మీ. పొడుగవుతుంది.

ఖాళీ 0.08, పెరిగింది 0.29. మరి ఇంజన్ ఎలా నడుస్తోంది? వాల్వు ఒక్కటే పెరగదు కాబట్టి. రాకర్‌ను మోస్తున్న హెడ్డు అల్యూమినియంది. అది ఉక్కు కంటే సుమారు రెట్టింపు సాగుతుంది, డిగ్రీకి మీటరుకు 0.023 మి.మీ. హెడ్డు సగటున 120 డిగ్రీలే వేడెక్కినా అదే 80 మి.మీ. ఎత్తులో దాదాపు 0.22 మి.మీ. పెరిగి, రాకర్‌ను పైకి మోసుకుపోతుంది. రెండింటి తేడా 0.07. చల్లగా ఉన్నప్పుడు 0.08 వదిలితే వేడిలో 0.01 మిగిలింది. వాల్వు మూసుకోవడానికి ఆ కాస్త చాలు.

వాల్వు పెరుగుదల, హెడ్డు పెరుగుదల రెండూ కలిసి తేల్చే విషయం ఇది. అందుకే పాత పుష్‌రాడ్ ఇంజన్లలో కథ తిరగబడుతుంది. అక్కడ సిలిండర్, హెడ్డు వేడికి ఎత్తు పెరిగి ఖాళీని ఇంకా పెంచుతాయి. కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కు చల్లగా ఉన్నప్పుడు దాదాపు సున్నా ఆట చాలనడం అందుకే. ఆ సంగతి తర్వాత.

లెక్క అంతా చల్లని ఇంజన్‌కు వేసింది కనుక కొలత కూడా చల్లగానే తియ్యాలి. హోండా మాన్యువల్స్‌లో ఒక అంకె ఉంటుంది: ఇంజన్ 35 డిగ్రీల లోపు ఉండాలి. జపాన్‌లో అది మామూలు మాటే. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఉండేవాళ్లు చదివితే నవ్వొస్తుంది, అక్కడ మధ్యాహ్నం గాలే 45 డిగ్రీలకు చేరువలో ఉంటుంది. రాత్రంతా నీడలో నిలబెట్టిన బండిని తెల్లవారుజామునే కొలవడం ఒక్కటే ఆ అంకెను గౌరవించే దారి. షెడ్డుకు నడుపుకుంటూ వెళ్లి వెంటనే చేయించుకున్న సెట్టింగ్‌లో ఉన్న మొదటి లోపం ఇదే, నా బండి విషయంలో జరిగిందీ ఇదే.

వదులైతే వినిపిస్తుంది, బిగిస్తే వినిపించదు

ఆట ఎక్కువైతే ఏమవుతుంది? క్యామ్ ఉబ్బు వచ్చినప్పుడు రాకర్ ముందు ఆ ఖాళీని దాటి, తర్వాత వాల్వు తలను కొడుతుంది. ఆ దెబ్బే టిక్ టిక్. ఐడిల్‌లో ఇంజన్ నిమిషానికి 1,400 సార్లు తిరుగుతుందనుకుంటే క్యామ్ దానిలో సగం, 700 సార్లు. అంటే ఒక్కో వాల్వు సెకనుకు పన్నెండు దెబ్బల లోపు. ఇది ఇంజన్ చప్పుడులోంచి విడిగా వినిపించేంత నెమ్మది. క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైన్ వదులైతే వచ్చే చప్పుడు ఇలా లెక్కగా ఉండదు, గరగరమని రాసుకున్నట్టు ఉంటుంది. వాల్వు కొంచెం ఆలస్యంగా తెరుచుకుని, ముందుగా మూసుకుంటుంది కూడా. కానీ వాల్వు మొత్తం 6 మి.మీ. దిగుతుందనుకుంటే, 0.05 మి.మీ. అదనపు ఆట అందులో ఒక్క శాతం కూడా కాదు. పికప్ పడిపోయిందనిపించేంత తేడా కాదది. మరీ వదిలేస్తే దెబ్బలకు స్క్రూ కొన, వాల్వు తల అరుగుతాయి. నష్టమే, కానీ నిదానంగా జరిగే నష్టం. పైగా చప్పుడు రూపంలో రోజూ మనకు చెబుతూనే ఉంటుంది.

ఆట తక్కువైతే ఏ చప్పుడూ ఉండదు. వేడెక్కాక వాల్వు పెరుగుతుంది, పెరగడానికి చోటు లేక రాకర్‌ను తన్నుకుని నిలబడుతుంది, మూసుకున్నప్పుడు హెడ్డులో తను ఆనుకునే అంచు, అంటే సీటు, మీద పూర్తిగా కూర్చోదు. కంటికి కనపడని సన్నని సందు మిగులుతుంది.

ఎగ్జాస్ట్ వాల్వుకు ఇది ప్రాణం మీదికొచ్చే సంగతి. మంట తగిలే దాని కింది పళ్లెం 700 డిగ్రీల పైన కాలుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం అది మూసుకుని సీటుకు ఆనుకున్న కాసేపట్లోనే హెడ్డులోకి దిగుతుంది. చల్లబడడానికి దానికి దొరికే అసలు విరామం అదే. ఇంజన్ 6,000 ఆర్‌పీఎమ్‌లో ఉంటే వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. గంట ప్రయాణంలో 1,80,000 సార్లు. అన్నిసార్లూ విరామం సరిగా దొరక్కపోతే, దానికి తోడు ఆ సన్నని సందులోంచి మంట దూసుకుపోతుంటే, వాల్వు అంచు కాలిపోతుంది. దీన్నే వాల్వు కాలడం అంటారు. ఇన్‌లెట్ వాల్వు మీద ప్రతిసారీ చల్లని పెట్రోలు, గాలి పడతాయి కనుక దానికి ఇంత ప్రమాదం లేదు. చాలా ఇంజన్లలో ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఆట ఇచ్చేదీ ఈ తేడా వల్లే.

నా బండికి హెడ్డు విప్పించినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు అంచు చుట్టూ నల్లని మసిలో ఒకచోట గోరంత వెడల్పున తెల్లబడిన చార కనిపించింది. మంట పోయిన దారి అది. చల్లగా ఉన్నప్పుడు వాల్వు కొంచెం పొట్టి కనుక సీటు మూసుకునేది, ఒక్క కిక్కుకు లేచేది. వేడెక్కాక కంప్రెషన్ ఆ చారలోంచే పోయేది. గ్రైండింగ్ పేస్ట్ పెట్టి వాల్వును సీటు మీద అరగదీస్తే సరిపోయింది. ఇంకో రెండు నెలలు అలాగే నడిపి ఉంటే కొత్త వాల్వు వేయించాల్సి వచ్చేదని చేసినతను చెప్పాడు.

కాబట్టి "చప్పుడు లేకపోతే ముట్టుకోవద్దు" అన్న సలహా సగమే సరైనది. వదులైన ట్యాపెట్ చప్పుడు చేస్తుంది, కానీ చప్పుడు లేని ట్యాపెట్లన్నీ సరిగా ఉన్నాయని దానర్థం కాదు.

పిస్టన్ పైకొచ్చేది రెండుసార్లు, కొలిచేది ఒక్కసారి

ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. కొలవాలంటే రెండు వాల్వులూ పూర్తిగా మూసుకుని, క్యామ్ ఉబ్బులు రాకర్లకు దూరంగా ఉండాలి. దానికి పిస్టన్‌ను పైకంటా, అంటే టీడీసీకి తేవాలి. ఫ్లైవీల్ మీద దానికి గుర్తుంటుంది, T అక్షరం పక్కన చిన్న గీత. ఎడమ వైపు కవరు మీద ఉన్న చిన్న మూత విప్పితే అది కనిపిస్తుంది. దగ్గర్లోనే F అక్షరంతో ఇంకో గీత ఉంటుంది. అది ప్లగ్గులో నిప్పు పడే చోటు, దీనితో మనకు పనిలేదు. తొందరలో F దగ్గర ఆపి కొలిచేవాళ్లూ ఉన్నారు.

అసలు చిక్కు T దగ్గరే. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక చుట్టు పనికి క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, రెండుసార్లు తిరుగుతుంది. కాబట్టి T గీత రెండుసార్లు ఎదురుపడుతుంది. ఒకసారి కంప్రెషన్ చివర, రెండు వాల్వులూ మూసుకుని. రెండోసారి పొగంతా పోయే చివర. అప్పుడు ఎగ్జాస్ట్ ఇంకా పూర్తిగా మూసుకోదు, ఇన్‌లెట్ అప్పుడే తెరుచుకుంటూ ఉంటుంది. ఈ రెండో T దగ్గర గేజ్ పెడితే రెండు చోట్లా ఖాళీ సున్నా కనిపిస్తుంది. "అయ్యో, మొత్తం టైట్ అయిపోయాయి" అనుకుని అక్కడే స్క్రూలు వదులు చేస్తే ఏమవుతుంది? వాల్వు అప్పటికి అర మిల్లీమీటరు తెరుచుకుని ఉందనుకోండి, ఆ అర మిల్లీమీటరూ ఖాళీలో చేరిపోతుంది. ఇంజన్ స్టార్ట్ చేయగానే రేకుల డబ్బా మోగినట్టు మోగుతుంది.

ఏ T అన్నది తేల్చే గుర్తు సులువైనదే. గీత కలిసినప్పుడు రెండు రాకర్లనూ వేలితో కదిపితే రెంటిలోనూ కాస్త ఆట తగలాలి. రెండూ బిగుసుకుని ఉంటే క్రాంక్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. ఇంకో దారి ఇన్‌లెట్ రాకర్‌ను కంటితో చూడడం. అది కిందికి దిగి, పైకి లేచాక వచ్చే మొదటి T, కంప్రెషన్ T. స్పార్క్ ప్లగ్గు తీసేస్తే ఇంజన్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. బండిని ఎడమ వైపు నుంచి చూస్తే ముందుకెళ్లే చక్రం గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, చాలా ఇంజన్లలో క్రాంక్ కూడా అంతే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఫ్లైవీల్ నట్టు విప్పే దిశ కూడా అదే కనుక, నట్టు వదులవుతోందా, ఇంజనే తిరుగుతోందా అని గమనిస్తూ ఉండాలి. ఆ బాధ లేకుండా టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని తిప్పుకునేవాళ్లూ ఉన్నారు.

కంప్రెషన్ T దగ్గర కూడా రాకర్ కదిలినంత మాత్రాన అదంతా క్లియరెన్స్ కాదు. రాకర్ తన షాఫ్టు మీద పక్కకు కూడా కాస్త జరుగుతుంది. ఆ అడ్డ కదలికను పైకీ కిందికీ ఉన్న ఆటగా పొరబడడం సులభం.

రేకు మాట, చేతి మాట

ఫీలర్ గేజ్ అంటే వేర్వేరు మందాల ఉక్కు రేకుల కట్ట. ఖాళీలో సరైన రేకు దూరాలి. దూరాక లాగితే, నిండుగా ఉన్న పర్సులోంచి నోటు లాగినంత పట్టు తగలాలి.

మన దగ్గర మామూలుగా దొరికే చౌక కట్టల్లో రేకులు 0.05, 0.10, 0.15 అలా ఐదేసి పెరుగుతూ ఉంటాయి. 0.08 రేకే ఉండదు. అప్పుడు కొలవలేమా? కొలవచ్చు. పుస్తకంలో 0.08, అటూఇటూ 0.02 అని ఉందనుకుందాం. అంటే 0.06 నుంచి 0.10 వరకు మంచిదే. 0.05 రేకు తేలిగ్గా దూరి, 0.10 దూరకపోతే ఖాళీ ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఉంది. 0.05, 0.06 మధ్య ఉన్న చిన్న అనుమానం తప్పిస్తే ఆ ట్యాపెట్‌ను కదపాల్సిన పనే లేదు. పాత మెకానిక్‌ల దగ్గర అంగుళాల గేజ్‌లుంటాయి, వాళ్లు "మూడు థౌ" అంటారు. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. మూడు థౌ అంటే 0.076 మి.మీ. మన 0.08కి అంతకంటే దగ్గరిది వెతకక్కర్లేదు.

మరి గేజ్ లేకుండా వేళ్లతో రాకర్‌ను ఆడించి సెట్ చేసే పెద్ద చేతుల సంగతి? వాళ్లను తీసిపారెయ్యడానికి లేదు. గేజ్‌కు ఒక గుడ్డితనం ఉంది. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న స్క్రూ కొన చదునుగా ఉండదు, మధ్యలో చిన్న గుంట పడుతుంది. గేజ్ రేకు వెడల్పైనది, అది ఆ గుంట మీద వంతెనలా నిలుస్తుంది. గుంట లోతు 0.04 ఉంటే, గేజ్ 0.08 అని చెప్పినచోట అసలు ఖాళీ 0.12. "మాన్యువల్ ప్రకారమే పెట్టాను, చప్పుడు పోలేదు" అని తలపట్టుకునే చాలామంది దగ్గర దోషం ఇదే. రాకర్‌ను ఆడించి చూసే చేతికి ఆ గుంట తెలుస్తుంది. అయితే దానికి మందు ఇంకాస్త బిగించడం కాదు, కొత్త స్క్రూ. బిగిస్తే చప్పుడు పోతుంది, గుంట అంచు మాత్రం వాల్వు తలను తినడం మొదలుపెడుతుంది.

నా లెక్కలో చేతి అనుభవం పనికొచ్చేది ఏదో తేడాగా ఉందని పసిగట్టడానికి. అంకె చెప్పాల్సింది రేకే. 0.04కీ 0.08కీ తేడాను ఒక వేలు ఈ రోజు గుర్తుపట్టవచ్చు, రేపు వేడి ఇంజన్ మీద, పక్కన నలుగురు తొందరపెడుతుంటే అదే వేలు గుర్తుపడుతుందన్న నమ్మకం నాకు లేదు.

స్క్రూ ఎంత తిరిగితే ఎంత తేడా

చాలా 100 సీసీ బండ్లలో ట్యాపెట్ మూతకు 17 నంబరు పానా, లోపల లాక్ నట్టుకు 9 నంబరు పానా పడతాయి. స్క్రూ తల నాలుగు పలకలుగా ఉంటుంది, దానికి ప్రత్యేకంగా చిన్న కీ వస్తుంది. కటింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పడం వల్ల పలకలు పోయిన స్క్రూలు చాలా షెడ్డుల్లో చూశాను.

స్క్రూ మరల పిచ్ అర మిల్లీమీటరు అనుకుందాం. పూర్తి చుట్టు తిప్పితే కొన 0.5 మి.మీ. దిగుతుంది. పదో వంతు చుట్టుకు 0.05. గడియారం ముల్లు పన్నెండు నుంచి ఒంటిగంటకు కదిలేది పన్నెండో వంతు, అంటే దాదాపు 0.04. టైట్ ట్యాపెట్‌కూ సరైన ట్యాపెట్‌కూ మధ్య ఉన్నది అంతే దూరం. "కాస్త బిగించడం" అన్న మాటలో ఎంత ప్రమాదం ఉందో ఈ లెక్కలో కనిపిస్తుంది.

ఇంకో చిక్కు. స్క్రూ సరిగ్గా పెట్టి, లాక్ నట్టు బిగించేటప్పుడు నట్టుతో పాటు స్క్రూ కూడా ఒక పిసరు తిరుగుతుంది. బిగించాక మళ్లీ రేకు పెట్టి చూస్తే 0.08 కాస్తా 0.06 అయి ఉంటుంది. అలవాటైన చేతులు ముందే కొంచెం వదులుగా పెట్టి, బిగించాక సరిపోయేలా చూసుకుంటాయి. మొదటిసారి చేసేవాళ్లకు మూడు నాలుగుసార్లు పడుతుంది. రెండు ట్యాపెట్లకు నాకు మొదటి ఆదివారం గంటన్నర పట్టింది, అందులో గంట ఈ లాక్ నట్టుతోనే.

అన్ని బండ్లకూ ఈ లెక్క కుదరదు

ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లు ఇప్పటిదాకా చదివి ఉంటే క్షమించాలి. టూ స్ట్రోక్ ఇంజన్‌లో రాకర్లూ లేవు, ఇలాంటి వాల్వులూ లేవు. సిలిండర్ గోడలోని కన్నాలను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంకో లోకం. అక్కడ ఆట సరిచేసేది హెడ్డులో కాదు, కుడి పక్కన సిలిండర్ మొదట్లో ఉన్న చిన్న మూత వెనక, పుష్‌రాడ్ల కింది కొసన. గేజ్‌తో పనిలేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. చేతి అంచనాను మాన్యువలే ఒప్పుకున్న బండి ఇది. గేజ్ లేకుండా అన్ని బండ్లకూ ట్యాపెట్ పెట్టే అలవాటుకు బుల్లెట్ షెడ్డులు కొంత కారణమేమోనని నా అనుమానం.

2008 తర్వాత వచ్చిన యూసీఈ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఉండే) ఇంజన్ ఎన్‌ఫీల్డ్‌లలో హైడ్రాలిక్ ట్యాపెట్లున్నాయి. ఆయిల్ ప్రెషర్ ఆ ఖాళీని ఎప్పటికప్పుడు తనే నింపుతుంది, సెట్టింగ్ అవసరం లేదు. రాత్రంతా నిలబెట్టి స్టార్ట్ చేస్తే ఆయిల్ చేరేదాకా కొన్ని సెకన్లు టకటకమంటుంది, అంతే. 2020లో మీటియర్‌తో వచ్చిన కొత్త 350 ఇంజన్‌లో మళ్లీ స్క్రూ, లాక్ నట్టు పద్ధతికే వచ్చారు. పాత క్లాసిక్ నుంచి కొత్త క్లాసిక్‌కు మారినవాళ్లలో కొందరు "ఎన్‌ఫీల్డ్‌కు ట్యాపెట్లు ఉండవు కదా" అనుకుంటూనే ఉన్నారు.

ఇక కేటీఎం 390 డ్యూక్ లాంటి డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్ (హెడ్డులో రెండు క్యామ్‌షాఫ్ట్‌లుండే) బండ్లలో స్క్రూయే ఉండదు. వాల్వు తల మీద నాణెంలాంటి చిన్న ఉక్కు బిళ్ల ఉంటుంది, దాన్ని షిమ్ అంటారు. ఆట మార్చాలంటే బిళ్ల మార్చాలి. కొలవడం ఇక్కడా గేజ్‌తోనే, క్యామ్ వెనక వైపు. తర్వాతి పనంతా కూడికలు, తీసివేతలు:

కొత్త షిమ్ = పాత షిమ్ + కొలిచిన ఖాళీ − ఉండాల్సిన ఖాళీ

ఉండాల్సింది 0.15, కొలిస్తే 0.08 వచ్చింది, లోపలున్న షిమ్ 1.80 అనుకుందాం. 1.80 + 0.08 − 0.15 = 1.73. షిమ్‌లు తరచుగా 0.025 తేడాతో దొరుకుతాయి కనుక 1.725 వేస్తాం. ఖాళీ 0.155 వస్తుంది. టైట్‌గా ఉంటే పలచని షిమ్ వెయ్యాలన్నమాట. ఇది తిరగేసి వేసుకునే పొరపాటు మామూలే.

లెక్క సులువే, పని కాదు. షిమ్ మార్చాలంటే చాలావరకు క్యామ్‌షాఫ్ట్‌లు బయటికి తియ్యాలి, టైమింగ్ చైన్ దించాలి, మళ్లీ పళ్ల గుర్తులు కలపాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వు పిస్టన్‌కు తగలవచ్చు. అందుకే ఈ తరహా బండ్లలో కొలత వరకు ఇంట్లో చూసుకుని, మార్పు అవసరమైతేనే బయట ఇచ్చేవాళ్లున్నారు. అది నాకు తెలివైన పద్ధతిగానే కనిపిస్తుంది. కొలతలు చేతిలో ఉంటే "షిమ్‌లన్నీ మార్చాలి" అన్న బిల్లు వచ్చినప్పుడు ఏ షిమ్, ఎందుకు అని అడగవచ్చు.

ఇథనాల్ మీద నింద

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ వచ్చాక బండిలో ఏ చప్పుడొచ్చినా దాని ఖాతాలోనే రాస్తున్నారు. ట్యాపెట్ చప్పుడు ఇనుముకూ ఇనుముకూ మధ్య ఖాళీ నుంచి వచ్చేది, చల్లగా ఐడిల్‌లో ఉన్నా వినిపిస్తుంది. ఇంధనం వల్ల వచ్చే నాకింగ్ ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు మీద పట్టుకుంటుంది. పైగా ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ, నాకింగ్‌ను తగ్గించే వైపే ఉంటుంది. మైలేజీ, రబ్బరు భాగాల మీద జరిగే వాదన వేరు, ఆ నిందను ట్యాపెట్ల దాకా లాగడానికి ఆధారం కనిపించదు.

ఇంధనానికీ ట్యాపెట్లకూ నిజంగా సంబంధం ఉన్న చోట్లు లేకపోలేదు. పూర్వం పెట్రోలులో కలిపే సీసం వాల్వు సీటు మీద పూతలా నిలిచి అరుగుదలను ఆపేది. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. మెత్తని సీట్లున్న పాత ఇంజన్లకు అప్పటి నుంచి ఆ కాపు లేదు. సీటు అరిగితే వాల్వు పైకి జరుగుతుంది, ఆట తగ్గుతుంది. గ్యాస్ మీద నడిచే ఆటోల్లోనూ ఇదే వరస. గ్యాస్ పొడిది, సీటుకు తడి తగలదు, ట్యాపెట్లు త్వరగా టైట్ అవుతాయి.

డైరీలో నాలుగు వరసలు

స్క్రూ, లాక్ నట్టు ఉన్న చిన్న బండిని ఇంట్లో చూసుకోవడానికి, షెడ్డులో ఇవ్వడానికి మధ్య నాకు తేల్చిచెప్పాల్సినంత గొడవేమీ కనిపించదు. వారంటీలో ఉన్న బండి మూతలు విప్పితే రేపు మాట పడవచ్చు, అది చూసుకోవాలి. షెడ్డులో జరగనిది, ఇంట్లో మాత్రమే కుదిరేది ఒకటుంది. రాత్రంతా చల్లారిన ఇంజన్, తొందరలేని పొద్దు, రాసిపెట్టుకున్న పాత కొలత.

హెడ్డు పని అయ్యాక నేను ప్రతి 3,000 కిలోమీటర్లకు ఒకసారి మూతలు విప్పుతున్నాను. ఏదీ మార్చకముందు కనిపించిన ఖాళీని నాన్న పాత డైరీ చివరి పేజీలో రాస్తున్నాను. ఇన్‌లెట్: 0.08, 0.08, 0.09, 0.09. ఎగ్జాస్ట్: 0.08, 0.07, 0.07, 0.06. ఒకే హెడ్డులో రెండూ ఎదురెదురు దిక్కులకు పోతున్నాయి. ఇన్‌లెట్ వైపు స్క్రూ కొన అరిగి ఆట పెరుగుతోంది, ఎగ్జాస్ట్ వైపు వాల్వు సీటులోకి దిగి ఆట తగ్గుతోంది. ఈ మధ్యకాలంలో బండి చప్పుడు వింటే నాకు ఏ తేడా తెలియలేదు.

0.06 కనిపించింది మొన్న ఆదివారమే. ఎగ్జాస్ట్‌ను 0.08కి తెచ్చి, ఇన్‌లెట్ జోలికి పోకుండా మూతలు పెట్టేశాను. ఎగ్జాస్ట్ మూత ఓ-రింగు ఎండకు గట్టిపడి పగిలింది. పది గంటలకు స్పేర్ పార్టుల షాపు తెరిచేదాకా బండి అలాగే గడపలో నిలబడింది.